పెళ్లికూతురి వయసు తేల్చే బాధ్యత మండపం యజమానిదేనా?

కావలి ప్రాంతంలో ఫంక్షన్ హాలు నడుపుతున్న ఒక పాఠకుడు, తన పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ పెద్ద ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. గత వైశాఖంలో రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని చేసే ఒకాయన, తన కూతురి పెళ్లికి వీరి హాలు మాట్లాడుకుని ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చాడు. హాలు గుమస్తా ఎప్పటిలాగే ఆ తండ్రి ఆధార్ జిరాక్సు ఒక్కటే తీసుకుని రసీదు పుస్తకానికి పిన్ను కొట్టి ఊరుకున్నాడు. పెళ్లికి ముందు రోజు సాయంత్రం గుమ్మానికి మామిడి తోరణాలు కడుతుండగా అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజరు, పోలీసులు వచ్చారు. పెళ్లికూతురు ఆ ఏడాదే పదో తరగతి పరీక్షలు రాసిన పిల్ల. ఆధార్ కార్డులో ఆమెకు పంతొమ్మిదేళ్లు. బడి రికార్డు ప్రకారం పదహారు నిండి రెండు నెలలు. పెళ్లి ఆగిపోయింది. అధికారులు తల్లిదండ్రులతోపాటు వీరి వాంగ్మూలం కూడా రాసుకుని, "హాలు ఇచ్చినవాళ్ల మీద కూడా కేసు పెట్టొచ్చు. ఇకమీదట వయసు చూసుకుని ఇవ్వండి" అని హెచ్చరించి వెళ్లారు.

"నేను గంటకింత, రోజుకింత అని అద్దె తీసుకునేవాణ్ణి. పుట్టిన తేదీలు తేల్చడానికి నేను తహసీల్దారునా, డాక్టర్నా? ఆధార్ ఇచ్చిన ప్రభుత్వమే వయసు తప్పు అంటే, ఆ తప్పుకు నన్ను నిలబెట్టడం ఏం న్యాయం?" అని వీరు అడుగుతున్నారు. వయసు పత్రాలు అడగడం మొదలుపెడితే జనం అవమానంగా తీసుకుంటున్నారని, మెయిన్ రోడ్డు మీది మరో హాలు ఏమీ అడగకుండా ఇస్తున్నందున బేరాలు అటు పోతున్నాయని వాపోయారు. అన్నిటికన్నా ఇబ్బంది, వీరి పెద్దమ్మ కొడుకు శ్రావణంలో తన కూతురి పెళ్లికి ఇదే హాలు అడగడం. ఆ అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నట్టు వీరికి గుర్తు. టెన్త్ మెమో చూపించమంటే ఆయన, "నా కూతురు ఎప్పుడు పుట్టిందో నాకు తెలీదట్రా తమ్ముడూ, కాగితం అడుగుతున్నావు?" అని నలుగురిలో గద్దించాడట. వైశాఖంలో ఆగిన పెళ్లి తాలూకు అడ్వాన్సు తిరిగి ఇమ్మని చెరువు కాపలాదారు వచ్చి అడుగుతున్నాడని కూడా రాశారు.

అయ్యా, ముందుగా మిమ్మల్ని భయపెడుతున్న విషయం. బాల్య వివాహాల నిషేధ చట్టం, 2006లోని 10వ సెక్షన్ ప్రకారం బాల్య వివాహాన్ని జరిపించినవారికి, నడిపించినవారికి, దానికి తోడ్పడినవారికి రెండేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం, బెయిలు హక్కుగా దొరకని నేరం. కల్యాణ మండపం యజమాని అన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. "తోడ్పడినవారు" అన్న మాట కింద మిమ్మల్ని చేర్చాలంటే, అది బాల్య వివాహమని మీకు తెలిసి, లేదా తెలుసుకోదగిన పరిస్థితి ఉండి కూడా కళ్లు మూసుకుని, హాలు ఇచ్చారని చూపించవలసి ఉంటుంది. మీ విషయంలో అలాంటిది జరగలేదు. పైగా పెళ్లే జరగలేదు. అందువల్ల మీ స్థానం నిందితుడికన్నా సాక్షికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం. అయినా ఒకసారి వకీలును కలిసి, మీరిచ్చిన వాంగ్మూలంలో ఏముందో చెప్పి సలహా తీసుకోండి. రసీదు పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టుగా భద్రపరచండి. భయం కొద్దీ పాత తేదీలతో అందులో ఒక్క అక్షరం కూడా చేర్చవద్దు. లేని నేరాన్ని అదే తెచ్చిపెడుతుంది.

అదే సెక్షన్‌లో మీరు రెండోసారి చదవవలసిన భాగం ఒకటుంది. అది బాల్య వివాహం కాదని నమ్మడానికి తనకు తగిన కారణాలు ఉన్నాయని నిరూపించుకుంటే తప్ప శిక్షార్హుడే అని చట్టం అంటుంది. తోడ్పడినట్టు చూపించవలసింది ప్రభుత్వమే అయినా, తగిన కారణం ఉందని నిరూపించుకోవలసింది మాత్రం ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషే. మీరు అన్యాయం అంటున్నది దీన్నే. అయితే ఈ భారం నిన్న మొన్న వచ్చింది కాదు. శారదా చట్టంగా పేరుపడిన 1929 నాటి చట్టంలోనే, పెళ్లి జరిపించినవాడు ఇది బాల్య వివాహం కాదని నమ్మడానికి కారణం ఉందని నిరూపించుకోవాలన్న నియమం ఉంది. అప్పట్లో అది ముఖ్యంగా పీటల దగ్గర కూర్చునే పురోహితుడికి తగిలే నియమం. 2006లో చట్టం "తోడ్పడినవారు" అన్న మాటను చేర్చాక, పెళ్లి ఇంటి ముంగిలి నుంచి అద్దె హాలుకు మారిన ఈ కాలంలో, ఆ నియమం మీ గుమ్మం దాకా వచ్చింది.

వ్యాపారి మీద ఇలాంటి భారం మోపడం న్యాయమా అన్న మీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. దానికి అన్ని వ్యాపారాలకూ కలిపి ఒకే జవాబు చెప్పలేం. సిగరెట్ల సంగతి చూడండి. పొగాకు ఉత్పత్తుల నియంత్రణ చట్టం, 2003 ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వారికి అమ్మకూడదు. కొనేవాడు మైనరు కాడని చూసుకోవలసిన బాధ్యత అమ్మేవాడిదే. కావలి బస్టాండు దగ్గర బంకు నడిపే మనిషి ముందు కొనేవాడు నిలబడేది అర నిమిషం. చిల్లర ఇచ్చే లోపల ముఖం చూసి వయసు కట్టాలి. తప్పు కడితే ఆ చట్టం వేసే జరిమానా రెండు వందల రూపాయల దాకా. అక్కడ భారం కష్టమైనదే కానీ, ఆ చట్టం కింద తప్పుకు శిక్ష చిన్నది. మీ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. మీ దగ్గరికి వచ్చేవారు నెలా రెండు నెలల ముందు వస్తారు, బల్ల ముందు కూర్చుంటారు, పేర్లు రాయిస్తారు, డబ్బు కడతారు, తర్వాత మళ్లీ రెండు మూడుసార్లు వస్తారు. అడగడానికి మీకు కావలసినంత వ్యవధి ఉంది. పోయే బేరాల సంగతి తర్వాత చెబుతాను గాని, అడగడానికి మీ చేతి నుంచి అయ్యే ఖర్చు ఏమీ లేదు. అడగకపోతే జరిగే నష్టం మాత్రం ఒక మనిషి జీవితమంతా మోయవలసింది.

ఆ నష్టం ఎంతటిదో కూడా చెప్పాలి. మన చట్టంలో బాల్య వివాహం తనంతట తాను చెల్లకుండా పోదు. ఆ పిల్లే కోర్టుకు వెళ్లి రద్దు చేయమని అడగాలి, అదీ మేజరు అయిన రెండేళ్ల లోపల. అత్తవారింట్లో ఉంటూ, చేతిలో బిడ్డతో, ఇరవై ఏళ్లు నిండకముందే కోర్టు మెట్లెక్కే ఆడపిల్లలు ఎందరుంటారు? అందువల్ల ఈ విషయంలో తర్వాత దొరికే న్యాయంకన్నా ముందుగా ఆపడమే పిల్లకు మేలు. ముందుగా ఆపగలిగేవారు కొద్దిమందే: పురోహితుడు, శుభలేఖలు అచ్చువేసేవాడు, ఫొటోగ్రాఫరు, వంటవాళ్లు, మీరు. వీరందరిలోనూ తేదీని, ఇద్దరి పేర్లను ముందుగా పుస్తకంలో రాసుకునేది మీరే. ఇవన్నీ ఎక్కడో జరిగే అరుదైన ఘటనలని అనుకోవద్దు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 23.3.

కాబట్టి అడగవలసిన బాధ్యత మీదేనని నేను నిస్సంకోచంగా అంటాను. తేల్చవలసిన బాధ్యత మీది కాదని కూడా అంతే గట్టిగా అంటాను. ఈ రెంటికీ మధ్య గీత గీయకుండా "వయసు చూసుకుని ఇవ్వండి" అని ఒక ముక్క చెప్పి వెళ్లిపోవడం అధికారులు చేస్తున్న పొరపాటు. ఏ పత్రం చూస్తే సరిపోతుంది, అది దొంగపత్రమని తర్వాత తేలితే చూసినవాడికి ఏ రక్షణ ఉంటుంది అన్నది రాతపూర్వకంగా చెప్పకపోతే, భయపడ్డ వ్యాపారి రెండు పనుల్లో ఒకటి చేస్తాడు: అయితే ఏమీ అడగకుండా తెలియనట్టు నటిస్తాడు, కాకపోతే తనకు లేని అధికారాన్ని చేతిలోకి తీసుకుంటాడు. ఈ రెండో రకానికి మన లాడ్జీలే ఉదాహరణ. మేజరైన ఆడా మగా గది అడిగితే పెళ్లి రుజువు చూపించమనే లాడ్జీలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రుజువు అడగమని ఏ చట్టమూ వారికి చెప్పలేదు. వయసు అడగడం పిల్లను కాపాడడానికి. పెద్దవాళ్ల హోదా, సంబంధం, కులం కూపీ లాగడం వేరు. ఆ వైపు మీ హాలు ఒక్క అడుగు కూడా వేయకూడదు. కులాంతర వివాహం చేసుకుంటున్న ఇద్దరు మేజర్లు మీ దగ్గరికి వస్తే, వయసు పత్రాలు చూసి, తల్లిదండ్రుల సంతకం అడగకుండా హాలు ఇవ్వండి.

ఇప్పుడు ఏ పత్రం అన్న సంగతి. ఆధార్ మీద మీ ఫిర్యాదు సమంజసమే. ఆధార్ మనిషి ఫలానా అని గుర్తించడానికి పుట్టింది; అందులో పుట్టిన తేదీ చాలామందికి తల్లిదండ్రులు నోటితో చెప్పిందే. జనవరి ఒకటో తేదీ పుట్టినట్టు, లేదా సంవత్సరం మాత్రమే ఉన్న కార్డులు మీరే ఎన్నో చూసి ఉంటారు. పుట్టిన తేదీకి ఆధార్‌ను రుజువుగా తీసుకోలేమని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో చెప్పింది. వయసు నిర్ధారణకు బాలల న్యాయ చట్టం, 2015లోని 94వ సెక్షన్ ఒక వరస చెబుతుంది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడు మాత్రమే వైద్య పరీక్ష. ఆ సెక్షన్ కోర్టుల ముందు, బాలల సంక్షేమ సమితి ముందు నడిచే వ్యవహారాల కోసం రాసిందే అయినా, మీరు అదే వరస పాటిస్తే "నమ్మడానికి తగిన కారణం" మీ చేతిలో ఉన్నట్టే. టెన్త్ మెమోలో పుట్టిన తేదీ ఉంటుంది. గుమస్తాకు దాన్ని చదవడం నేర్పడానికి పది నిమిషాలు చాలు. చదువు మధ్యలో ఆపేసిన పిల్ల అయితే ఆఖరున చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి దగ్గర అడ్మిషన్ రిజిస్టరు ప్రకారం స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోమనండి. వరుడికి ఇరవై ఒకటి నిండాలన్నది మరిచిపోకండి. పెళ్లికూతురి కాగితం అడిగి పెళ్లికొడుకును వదిలేయడం మనవాళ్లకు బాగా అలవాటు.

అడగడంలో మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి. చిన్నదిగా కనిపించిన పిల్ల విషయంలో మాత్రమే అడగడం మొదటిది. ఇది సులువు, కానీ దీనివల్ల జరిగేది ఏమిటంటే చెరువు కాపలాదారును అడుగుతారు, కాంట్రాక్టరును అడగరు. అవమానం అన్నది పుట్టేదే అక్కడ. పైగా ఒంటి తీరు చూసి వయసు కట్టడం ఎవరికీ చేతకాదు. రెండోది, తండ్రి దగ్గర పిల్ల మేజరేనని హామీపత్రం రాయించుకుని ఊరుకోవడం. చాలామంది వకీళ్లు ఇదే చెబుతారు. కొంత పనికొస్తుంది కూడా. అయితే ఆ కాగితం మిమ్మల్ని కాపాడుతుందేమో గాని పిల్లను కాపాడదు, అనుమానం కలిగించే సంగతులు మీ కళ్ల ముందే ఉన్నప్పుడు మిమ్మల్ని కూడా కాపాడదు. మూడోది, వచ్చిన ప్రతి ఒక్కరినీ, మీ సొంత అక్క కొడుకునైనా సరే, అడ్వాన్సు తీసుకునే ముందే ఇద్దరి వయసు పత్రాలు అడగడం. బల్ల వెనక గోడకు అందరికీ కనిపించేలా బోర్డు పెట్టండి. రసీదులోనే ఒక గడి అచ్చువేయించండి: వధువు పుట్టిన తేదీ, వరుడు పుట్టిన తేదీ, చూసిన పత్రం, చూసినవారి సంతకం. గడి ఖాళీగా ఉంటే రసీదు చిరగదు. నేను మొగ్గేది దీనివైపే. అందరినీ అడిగే చోట ఎవరికీ చిన్నతనం కాదు. మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ప్రకారం ప్రతి పెళ్లినీ రిజిస్టరు చేయించాలి, అక్కడ ఎలాగూ వయసు రుజువు కావాలి. "రేపు రిజిస్ట్రేషన్‌కు కావలసిందేగా, ఇవాళే తెచ్చుకోండి" అంటే సగం పేచీ అక్కడే తీరుతుంది.

పత్రాలు చూడడం వేరు, పోగేయడం వేరు. గుమస్తా ఫోను గ్యాలరీలో ఆడపిల్లల మెమోలు, ఫొటోలు పడి ఉండడం, వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. పత్రం చూసి, అందులోని తేదీని, మెమో నంబరును రసీదులో రాసుకుని, పత్రం అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. గుర్తింపు కోసం ఆధార్ తీసుకోవలసి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ప్రతి చాలు.

పక్క హాలుకు పోయే బేరాల సంగతి నిజమైన కష్టం. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఒక్కరే నియమం పెట్టుకుంటే నష్టం ఒక్కరిదే అవుతుంది. ఇప్పుడు ఆషాఢం, ముహూర్తాలు లేవు, అందరి హాళ్లూ ఖాళీగా ఉన్నాయి. మీ చుట్టుపక్కల హాళ్ల యజమానులను, షామియానా వాళ్లను, పురోహితులను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. మీకు జరిగింది వారికి తెలిసే ఉంటుంది కాబట్టి వింటారు. అందరూ కలిసి మీ ప్రాంత ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారికి, తహసీల్దారుకు ఒక వినతిపత్రం ఇవ్వండి: ఏ పత్రాలు చూడాలో రాతపూర్వకంగా చెప్పమని, అవి చూసి ఇచ్చినవారిని సాక్షులుగానే పరిగణించమని, అనుమానం వచ్చినప్పుడు బడి రికార్డు సరిచూసి ఒక్కరోజులో చెప్పగల అధికారి ఎవరో తెలియజేయమని. సంవత్సరాల తరబడి బడి రికార్డులు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. మీకు అందని సమాచారం తన దగ్గర పెట్టుకుని, అది తెలియనందుకు మిమ్మల్ని తప్పుపట్టే హక్కు ప్రభుత్వానికి లేదు. అయితే ఈ పని సాధించే వరకూ బేరాలు కొన్ని పోతాయి. పోయేవాటిలో కొన్ని పోవలసినవేనని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక మీ అన్నగారి మాట. మీకు ఇక్కడ నాలుగు దారులున్నాయి. మాట్లాడకుండా హాలు ఇచ్చేస్తే చుట్టరికం నిలుస్తుంది. కానీ పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరమని మీకు తెలుసు, మెమో అడిగారు, చూపించలేదు. ఇంత జరిగాక "నమ్మడానికి తగిన కారణం ఉంది" అని మీరు ఏ కోర్టులోనూ అనలేరు. రెండోది, ఆ తేదీకి హాలు ఖాళీ లేదని అబద్ధం చెప్పి తప్పుకోవడం. మీరు బయటపడతారు; పిల్ల మాత్రం మరో హాలులోనో, ఇంటి ముందు వేసిన పందిట్లోనో, ఏదో కొండ మీది గుడిలోనో పీటల మీద కూర్చుంటుంది. మూడోది, ఆయనతో, వదినగారితో ఇంట్లో కూర్చుని మాట్లాడడం. ఆయన గద్దించింది నలుగురి ముందు అడిగినందుకేమో. ఒంటరిగా అడిగితే జవాబు వేరుగా ఉండవచ్చు. పిల్లకు నిజంగానే పద్దెనిమిది నిండి ఉండవచ్చు, చదువు ఆలస్యమై ఉండవచ్చు. అలాగైతే మెమో చూపించడంతో గొడవ తీరిపోతుంది. నిండకపోతే, చట్టం ఆయనను ఒక్కరినే పట్టుకోదని, అల్లుడు కాబోయేవాడి మెడకు మరింత పెద్ద ఉచ్చు పడుతుందని నిదానంగా చెప్పండి. పద్దెనిమిదేళ్ల లోపు భార్యతో కాపురం అత్యాచారం కిందికే వస్తుందని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత ఆసుపత్రిలో పురుడు పోసుకునే రోజున కూడా కేసు తలెత్తవచ్చు. ఈ మాట వినగానే వరుడి తరఫు వారే ఆగుదామనడం చాలాచోట్ల జరుగుతుంది. తాంబూలాలు ఇచ్చిపుచ్చుకున్నా, పెళ్లిని పిల్లకు పద్దెనిమిది నిండే దాకా ఆపుకోవచ్చు, ఆ లోపల ఇంటర్ పూర్తి చేయించవచ్చు. అప్పుడు ఆమెకు ఇష్టమైతే, మీ హాలునే ఆ తేదీకి రాసిపెట్టుకోమని చెప్పండి.

అప్పటికీ వినకపోతే నాలుగో దారి పిల్లల సహాయవాణి నంబరు 1098. ఫోను చేసినవారి వివరాలు గోప్యంగా ఉంచుతారు. బాల్య వివాహాల నిషేధ చట్టంలోని 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందుగానే పెళ్లిని ఆపుతూ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వును కాదని చేసిన పెళ్లి మొదటి నుంచీ చెల్లదు. ఆ దారి పట్టాలని నిర్ణయించుకుంటే శుభలేఖలు పంచకముందే పట్టండి. బంధువులంతా దిగాక, పిల్లకు నలుగు పెట్టాక ఆపితే ఆమె పడే క్షోభ ఎంతటిదో వైశాఖంలో మీరు కళ్లారా చూశారు. చుట్టరికం కొన్నాళ్లు చెడుతుంది, బహుశా చాలా ఏళ్లు చెడుతుంది. ఆ నష్టాన్ని మీ తరఫున తూచి చెప్పే అధికారం నాకు లేదు. అది మీరు, మీ ఇంట్లోవారు కలిసి ఆలోచించుకోవలసింది. నన్నడిగితే మూడో దారిని ఈ వారంలోనే మొదలుపెట్టమంటాను, రెండో దారిని మాత్రం వదిలేయమంటాను.

చెరువు కాపలాదారు అడ్వాన్సు గురించి. మీకు నిజంగా అయిన ఖర్చు, కరెంటు, శుభ్రం చేయించిన కూలీ లాంటిది మినహాయించి మిగతాది తిరిగి ఇచ్చేయండి. హాలు వాడుకోలేదు, తప్పు ఆయనదే అయినా డబ్బు అప్పు తెచ్చినదై ఉంటుంది. చెక్కు ద్వారా గాని, ఫోన్‌పే ద్వారా గాని ఇచ్చి, ఎందుకు ఇస్తున్నారో రెండు వాక్యాలు రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఆ రోజున పిల్ల ఇంటర్‌లో చేరిందో లేదో అడగండి. చేరకపోతే, వైశాఖంలో మీ హాలుకు వచ్చిన ఐసీడీఎస్ సూపర్‌వైజరుకే ఫోను చేసి, కాలేజీ సీటు, హాస్టలు సంగతి చూడమని చెప్పండి.